తాత ఎక్స్‌రే – ఒక గాజుబుడ్డి చరిత్ర

1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం పట్టింది. హుబ్బళ్లి, రాయచూరు వైపు సంపూర్ణ గ్రహణం. మా కోలారు జిల్లాలో సంపూర్ణం కాకపోయినా సూర్యుడు చాలామటుకు మూసుకుపోయాడు. అప్పుడు నాకు పదేళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఎక్స్‌రే ఫిల్ము ముక్క అడ్డం పెట్టుకుంటే గ్రహణం చూడవచ్చునని బడిలో పిల్లలందరిదీ ఒకటే మాట. అది కంటికి క్షేమం కాదన్న సంగతి మా ఊరిదాకా రాలేదు. మా అవ్వ ట్రంకుపెట్టెలో అడుగున, పాత పట్టుచీర కింద, అలాంటి ఫిల్ము ఒకటి ఉందని నాకు తెలుసు. కత్తెర తీసుకుని పోయి పెట్టె తెరిచాను.

అవ్వ చూడనే చూసింది. నా చేతిలోని కత్తెర లాగేసుకుని, "రేయ్, దాన్ని ముట్టొద్దురా! అది మీ తాతరా!" అంది.

ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు. తర్వాత నాయన చెప్పాడు. మా తాత 1954లో క్షయ పట్టి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియంలో చేరాడు. ఏడాదిన్నర తర్వాత నయమై ఇంటికొస్తూ తెచ్చుకున్న ఫిల్ము అది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు సేద్యం చేసుకుంటూ బతికి, వేరే జ్వరమేదో వచ్చి పోయాడు. బతికున్న రోజుల్లో ఒక్క ఫోటో తీయించుకున్నవాడు కాదు. పల్లెలో కెమెరా ఎక్కడిది? కాబట్టి లోకంలో మా తాత ఆకారం మిగిలింది ఆ ఫిల్ములోనే. అందులో మొహం లేదు. పక్కటెముకలు, గుండె నీడ, రెండు ఊపిరితిత్తులు, అంతే.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. జమాఖర్చులు తప్ప భౌతికశాస్త్రంతో నాకు పని పడలేదు. పడింది 2004లో. అప్పుడు ఒక తాలూకా కేంద్రంలో మా బ్యాంకు శాఖకు మేనేజరుగా ఉన్నాను. రేడియోగ్రఫీ డిప్లొమా చేసిన ఒక కుర్రాడికి ఎక్స్‌రే మిషను పెట్టుకోవడానికి అప్పు ఇచ్చాం. పద్నాలుగు నెలలు కంతులు బాగానే కట్టి, హఠాత్తుగా ఆపేశాడు. తనిఖీకి వెళ్లాను. మిషను మీద గుడ్డ కప్పి ఉంది.

"మిషనంతా బాగానే ఉంది సార్, ట్యూబు పోయింది" అన్నాడు. కొత్త ట్యూబు ధర చెబితే నాకు కళ్లు తిరిగాయి. ట్యూబు అంటే మన వీధిగదిలో వెలిగే ట్యూబులైటు లాంటిదేదో అనుకున్నాను నేను. అతను బీరువాలోంచి పాడైన ట్యూబు తీసి బల్ల మీద పెట్టాడు. మూరెడు పొడవు కూడా లేని గాజుబుడ్డి. లోపల ఒక పక్క చిన్న దోనెలాంటి లోహపు గిన్నె, రెండో పక్క పళ్లెం లాంటి చక్రం. చక్రం అంచున పగులు. గాజు లోపలివైపు అద్దానికి కళాయి పూసినట్టు నల్లటి మెరుపు.

"నా తప్పే సార్. డిసెంబరు చలి. పొద్దున్నే బైకు మీంచి పడ్డ కేసు తెచ్చారు. తుంటి ఎక్స్‌రే. ముందు చిన్న చిన్న డోసులిచ్చి ట్యూబు వెచ్చబెట్టాలి. తొందరలో అది చేయకుండా పెద్ద డోసు ఇచ్చేశాను" అన్నాడు.

ఇంకో అప్పు సిఫారసు చేయాలా, ఇచ్చిన అప్పును మొండిబాకీల్లో వేసి మిషను అమ్మించాలా? నా ముందున్న ప్రశ్న ఇదీ. సిఫారసు చేస్తే, ఇంత చిన్న గాజుబుడ్డికి ఇంత డబ్బేమిటని పైఆఫీసు అడుగుతుంది. జవాబు రాయడానికి ఆ కుర్రాడి పాఠ్యపుస్తకాలు అడిగి తెచ్చుకున్నాను. దొరికినవి మరికొన్ని చదివాను. ఆ చదువే ఈ వ్యాసానికి పెట్టుబడి.

గాలి తీసిన బుడ్డి

వింతేమిటంటే, ఎక్స్‌రే ట్యూబు ఎక్స్‌రేల కంటె ముందే పుట్టింది. ఏం పుట్టిందో ఎవరికీ తెలియదు, అంతే.

1850ల్లో జర్మనీలోని బాన్ నగరంలో గైస్లర్ అనే గాజుపనివాడు పాదరసంతో పనిచేసే పంపు కనిపెట్టాడు. దానితో గాజు గొట్టంలోని గాలిని అంతకుముందెన్నడూ లేనంతగా లాగేయవచ్చు. అలా గాలి తీసిన గొట్టానికి రెండు కొసలా లోహపు తీగలు బిగించి పెద్ద వోల్టేజి ఇస్తే లోపల రంగురంగుల వెలుగు. మన బజార్లలో అంగళ్ల మీద వెలిగిన నియాన్ బోర్డులకు పూర్వీకుడు అదే. తర్వాతివాళ్లు గాలిని ఇంకా ఇంకా తీసేశారు. అప్పుడు లోపలి వెలుగు పోయి, రుణధ్రువానికి, అంటే కేథోడుకు, ఎదురుగా ఉన్న గాజు ఆకుపచ్చగా మెరవడం మొదలైంది. కేథోడు నుంచి ఏవో కిరణాలు సూటిగా వచ్చి గాజును తాకుతున్నాయన్నమాట. గోల్డ్‌స్టీన్ 1876లో వాటికి కేథోడు కిరణాలని పేరు పెట్టాడు. ఇంగ్లండులో క్రూక్స్ ఆ కిరణాలకు అడ్డంగా లోహపు శిలువ పెట్టి దాని నీడ పడటం చూపించాడు. అవి కిరణాలు కావు, రుణవిద్యుత్తు మోసే అతిసూక్ష్మ కణాలని 1897లో జె.జె. థామ్సన్ తేల్చాడు. వాటినే ఈనాడు ఎలక్ట్రాన్లంటున్నాం.

వేగంగా పరుగెత్తే ఎలక్ట్రాను గట్టి వస్తువును ఢీకొని టక్కున ఆగితే, దాని శక్తిలో కొంత ఎక్స్‌రేగా మారుతుంది. కాబట్టి ఆ గాజుబుడ్లన్నీ ఎక్స్‌రేలు వెదజల్లుతూనే ఉన్నాయి. అమెరికాలో ఫిలడెల్ఫియాలో గుడ్‌స్పీడ్ అనే ఆచార్యుడి దగ్గర 1890లో ఒక ఫోటో ప్లేటు మీద నాణేల నీడలు పడ్డాయి. ఎందుకు పడ్డాయో ఆయనకు తెలియలేదు. ప్లేటు పక్కన పడేశాడు. ఆరేళ్ల తర్వాత తెలిసింది. అయినా ఆ ఘనత తనదని ఆయన వాదులాడలేదు. లక్ష్మి వాకిట్లోకి వచ్చినా గుర్తుపట్టేవాడుండాలి.

శుక్రవారం సాయంత్రం

గుర్తుపట్టినవాడు రాంట్‌జెన్. జర్మనీలో వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. అప్పటికాయనకు 50 ఏళ్లు, ఇంచుమించు నా ఈడువాడే. చిన్నప్పుడు ఉపాధ్యాయుణ్ణి వెక్కిరిస్తూ ఎవరో గీసిన బొమ్మకు ఈయన మీద నింద పడి బడి నుంచి పంపేశారు. యోగ్యతాపత్రం లేకుండా ఎన్నో తలుపులు తట్టి పైకొచ్చిన మనిషి.

1895 నవంబరు 8, శుక్రవారం సాయంత్రం. కేథోడు కిరణాల సంగతి చూద్దామని గాజుబుడ్డికి నల్ల అట్ట చుట్టి, గది చీకటి చేసి కరెంటు పెట్టాడు. వెలుగు బయటికి రావడం లేదని సరిచూసుకుంటుండగా, కాస్త దూరాన బల్ల దగ్గర ఏదో మినుకుమినుకుమంది. బేరియం ప్లాటినోసైనైడు అనే రసాయనం పూసిన తెర అది. కేథోడు కిరణాలు గాలిలో అంత దూరం పోలేవు. నల్ల అట్టను దాటి ఏదో వస్తోంది. మధ్యలో కాగితం పెట్టాడు, ఆగలేదు. లావుపాటి పుస్తకం పెట్టాడు, ఆగలేదు. కర్ర ఆపలేదు, సీసం ఆపింది. చేయి పెట్టి చూస్తే తెర మీద ఎముకలు కనబడ్డాయి!

ఎవరికీ చెప్పలేదాయన. కొన్ని వారాలపాటు ప్రయోగశాలలోనే తిండి, నిద్ర. డిసెంబరు 22న భార్య అన్నా బెర్తాను పిలిచి, ఆమె చేతిని ఫోటో ప్లేటు మీద దాదాపు పావుగంట కదలకుండా పెట్టించాడు. ఎముకలు, వేలికి ఉంగరం. ఆ బొమ్మ చూసి ఆమెకు తన చావే కళ్ల ముందు కనబడినట్టయిందని చెబుతారు. మా అవ్వ మాత్రం చనిపోయినవాణ్ణి అలాంటి బొమ్మలోనే బతికించుకుంది. ఒకే వస్తువు, చూసే కన్నును బట్టి.

డిసెంబరు 28న రాంట్‌జెన్ తన వ్యాసాన్ని అక్కడి సభకు అందజేశాడు. 1896 జనవరి మొదటి వారానికల్లా వియన్నా పత్రికలో వార్త వచ్చి ప్రపంచమంతా పాకింది. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే. ఆ సొమ్ము విశ్వవిద్యాలయానికి ఇచ్చేశాడు. పేటెంటు తీసుకోనన్నాడు. 1923లో, జర్మనీలో కరెన్సీ కాగితం విలువ పడిపోతున్న రోజుల్లో, దాచుకున్న డబ్బు కరిగిపోయాక కన్నుమూశాడు. బ్యాంకువాణ్ణి కనుక ఈ చివరి సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ కిరణాలేమిటో తెలియక, బీజగణితంలో తెలియని రాశికి పెట్టే ఎక్స్ అక్షరాన్నే పేరుగా పెట్టాడాయన. ఇక్కడ మన పత్రిక పాఠకులకు ఒక సరదా సంగతి. కన్నడంలోనూ మరాఠీలోనూ దీన్ని 'క్ష-కిరణం' అంటారు. ఎక్స్‌కు బదులు క్ష. మా బడిలో నేను నేర్చుకున్నదీ అదే. తమిళంలో 'ఊడుకదిర్', అంటే లోపలికి చొచ్చుకుపోయే కిరణం. ఒడియావాళ్లు, బెంగాలీలు 'రంజన రశ్మి' అంటారు. రాంట్‌జెన్ పేరు వాళ్ల నోట్లో నాని రంజనుడయ్యాడు. తెలుగువాళ్లం మాత్రం ఎక్స్‌రే అని ఉన్నదున్నట్టు వాడుకుంటున్నాం. ఏ రాష్ట్రంలో ఉన్న తెలుగువాడు ఆ రాష్ట్రం మాట కూడా ఎరిగి ఉంటాడు కనుక, ఒకే కిరణానికి మనకు నాలుగు పేర్లు తెలిసే వీలుంది. మనకున్న లాభాల్లో ఇదొకటి.

మొండి ట్యూబులు

మొదటి ట్యూబులు మాట వినేవి కావు. వాటిలో కాస్త గాలి మిగిలి ఉండటమే వాటి బలం, బలహీనత కూడా. మిగిలిన గాలి అణువులు విద్యుత్తు పూని కేథోడును కొడితేనే ఎలక్ట్రాన్లు ఊడివచ్చేవి. వాడేకొద్దీ ఆ కాస్త గాలీ గాజు గోడలకూ లోహానికీ అంటుకుపోయేది. గాలి తగ్గితే వోల్టేజి పెంచాలి. వోల్టేజి పెరిగితే కిరణాల స్వభావం మారిపోతుంది. నిన్న చేయి బాగా తీసిన ట్యూబు ఈరోజు మొత్తం నలుపో తెలుపో చేసేస్తుంది. గాలి మరీ తగ్గితే ట్యూబు అసలు పనిచేయదు. అప్పుడు ఒక రసాయనాన్నో లోహపు ముక్కనో వేడిచేసి లోపలికి ఇంత వాయువు వదలాలి.

ట్యూబు ఈవేళ ఎలా ఉందో తెలుసుకోవడానికి పనివాళ్లకు ఒకటే దారి. తమ చేతిని తెర ముందు పెట్టి ఎముకలు ఎంత స్పష్టంగా ఉన్నాయో చూసుకోవడం. రోజూ, పూటకిన్నిసార్లు. దీని ఫలితం తర్వాత చెబుతాను.

ఈ మొండితనాన్ని వదిలించినవాడు కూలిడ్జ్. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలలో పనిచేసేవాడు. ఆయన పని నిజానికి బల్బుల్లో తీగ గురించి. టంగ్‌స్టన్ అన్ని లోహాల కంటె ఎక్కువ వేడికి కరిగేది, సుమారు 3,400 డిగ్రీల సెంటీగ్రేడు. కాని పెళుసు. తీగ లాగబోతే మట్టికడ్డీలా విరిగిపోయేది. కూలిడ్జ్ కొన్నేళ్లు తంటాలుపడి, టంగ్‌స్టన్ పొడిని కడ్డీగా చేసి, కాల్చి, కొట్టి, మళ్లీ కాల్చి, చివరికి వెంట్రుకలాంటి తీగగా లాగే విద్య సాధించాడు. మన కంసాలి బంగారానికి చేసే పని ఆయన టంగ్‌స్టన్‌కు చేశాడనుకోండి. దాని మీద కంపెనీకి వచ్చిన పేటెంటును 1928లో కోర్టు కొట్టేసింది. టంగ్‌స్టన్ గుణం ప్రకృతి ఇచ్చినదే గాని మనిషి కల్పించింది కాదని తీర్పు.

ఆ తీగతోనే 1913లో ఆయన కొత్త ఎక్స్‌రే ట్యూబు చేశాడు. ఆలోచన చాలా తేలిక. గాలితో గొడవ కనుక గాలిని మొత్తం తీసేద్దాం. ఎలక్ట్రాన్లు ఎక్కడినుంచి వస్తాయి? ఎర్రగా కాలిన తీగ తనంతట తానే ఎలక్ట్రాన్లను వదులుతుంది. తీగను ఎంత వేడిచేస్తే అన్ని ఎలక్ట్రాన్లు. వాటిని ఎంత వేగంగా లాగాలన్నది వోల్టేజి చేతిలో. ఎన్ని అన్నది ఒక మీట, ఎంత వేగం అన్నది ఇంకో మీట. ఒకటి కదిపితే రెండోది కదలదు. నిన్నటి బొమ్మే ఈరోజూ వస్తుంది. లెక్క తప్పని యంత్రమంటే ఇది. కూలిడ్జ్ 1975లో, 101 ఏళ్లు నిండిన తర్వాత పోయాడు. మా ఊరి తాలూకా కేంద్రంలోని మిషనూ మౌలికంగా ఆయన ట్యూబే.

లోపల ఏముంది

ఇప్పుడు ఆ కుర్రాడు బల్ల మీద పెట్టిన ట్యూబు దగ్గరికి వద్దాం.

చిన్న దోనెలాంటి గిన్నె కేథోడు. అందులో టంగ్‌స్టన్ తీగ చుట్టలు రెండు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. చేతివేళ్ల లాంటి సన్నని పనికి చిన్నది, తుంటిలాంటి లావు భాగానికి పెద్దది. ఎలక్ట్రాన్లకు ఒకదానికొకటి పడదు, చెదిరిపోవాలని చూస్తాయి. గిన్నె అంచులకు కూడా రుణవిద్యుత్తే ఉంటుంది కనుక వాటిని లోపలికి నెట్టి ఒక దారిన పంపుతుంది.

ఎదుటి చక్రం ధనధ్రువం, ఏనోడు. రెంటి మధ్యా మామూలుగా 40 వేల నుంచి లక్షా 50 వేల వోల్టుల దాకా పెడతారు. లక్ష వోల్టుల దగ్గర ఎలక్ట్రాను సెకనుకు సుమారు 1,64,000 కిలోమీటర్ల వేగంతో, అంటే కాంతివేగంలో సగం పైచిలుకు వేగంతో వచ్చి చక్రాన్ని గుద్దుతుంది. గుద్దిన చోట రెండు విధాల ఎక్స్‌రేలు పుడతాయి. ఎలక్ట్రాను టంగ్‌స్టన్ అణుకేంద్రం పక్కనుంచి పోతూ వంగి, వేగం తగ్గి, పోగొట్టుకున్న శక్తిని కిరణంగా వదలడం ఒకటి. అణువు లోపలి ఎలక్ట్రానును తన్నేస్తే, ఆ ఖాళీలోకి పైఎలక్ట్రాను దిగుతూ కిరణం వదలడం రెండోది.

ఇక నాబోటి కామర్సు వాడికి పట్టుబడిన లెక్క. పెట్టుబడి పెట్టిన శక్తిలో ఎక్స్‌రేగా వచ్చేది నూటికి ఒక వంతు. మిగతా తొంభైతొమ్మిదీ వేడే. ఆ ఒక్క వంతులో కూడా ఎక్కువ భాగం పనికిరాని దిక్కులకు పోతుంది. ఇలాంటి వ్యాపారానికి ఏ బ్యాంకూ అప్పివ్వదు. కాని దీనికి ప్రత్యామ్నాయం లేదు. లక్ష వోల్టులు, అర ఆంపియరు అనుకోండి, 50,000 వాట్లు. మన ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లు. యాభై ఇస్త్రీపెట్టెల వేడి ఒక మిల్లీమీటరో రెండో ఉన్న చుక్క మీద పడుతుంది, సెకనులో పదో వంతు సేపైనా సరే. ఆ చుక్క పెద్దదైతే వేడి పరుచుకుంటుంది గాని బొమ్మ మసకవుతుంది, చిన్నదైతే బొమ్మ చక్కగా వస్తుంది గాని లోహం కరుగుతుంది.

దీనికి రెండు ఉపాయాలు చేశారు. చక్రం అంచును ఏటవాలుగా చెక్కడం ఒకటి. ఎలక్ట్రాన్లు పొడవాటి గీత మీద పడతాయి, కింద రోగి వైపు నుంచి చూస్తే ఆ గీత చిన్న చుక్కలా కనబడుతుంది. ఏటవాలుగా పట్టుకున్న పెన్సిలు పొట్టిగా కనబడినట్టు. రెండోది, లక్ష్యాన్నే తిప్పడం. 1929లో ఫిలిప్స్ కంపెనీలో బవర్స్ అనే ఇంజనీరు తిరిగే ఏనోడును బజారుకు తెచ్చాడు. చక్రం నిమిషానికి సుమారు 3,000 చుట్లు తిరుగుతుంటే వేడి ఒకే చోట నిలవదు. మన ఇళ్లలో రొట్టె కాల్చేటప్పుడు తిప్పుతూ ఉంటామే, అలా.

గాలి లేని బుడ్డిలో చక్రాన్ని తిప్పడమెలా? తీగ చుట్టలను గాజు బయట పెట్టి, లోపల రాగి రోటరును అయస్కాంతశక్తితో తిప్పుతారు. బేరింగులకు నూనె వేయడానికి లేదు, ఆవిరై శూన్యాన్ని చెడగొడుతుంది. అందుకని వెండిలాంటి మెత్తని లోహాన్ని పూస్తారు. ఎక్స్‌రే గదిలో "ఊపిరి గట్టిగా పీల్చండి, బిగబట్టండి" అన్నప్పుడు గుర్రుమని ఒక చప్పుడు వినే ఉంటారు మీరు. అది చక్రం వేగం పుంజుకునే చప్పుడు. మీట సగం నొక్కితే చక్రం తిరిగి, తీగ పూర్తిగా వేడెక్కుతుంది. పూర్తిగా నొక్కితే ఎక్స్‌రే.

మా కుర్రాడి ట్యూబులో జరిగింది ఇదే. చల్లగా ఉన్న లోహం మీద ఒక్కసారిగా వేడి పడితే, పడిన చోటు వ్యాకోచిస్తుంది, పక్కనున్నది కదలదు. చక్రం పగిలింది. చలికాలం పొద్దున గాజుగ్లాసులో మరుగుతున్న కాఫీ పోసినట్టు. ఇక గాజు మీది నల్లటి మెరుపు, తీగ నుంచి ఆవిరైన టంగ్‌స్టన్. బల్బు పాతబడితే నల్లబడినట్టే. అది కూడా ట్యూబు ఆయువును తినేదే.

ప్రాణాల ఖరీదు

గాజుబుడ్డిని నేరుగా గదిలో పెట్టరు. సీసం పొదిగిన లోహపు తొడుగులో, చుట్టూ నూనె పోసి, దించుతారు. నూనె వేడిని లాగుతుంది, అంత వోల్టేజి బయటికి దూకకుండా ఆపుతుంది. సీసం, చిన్న కిటికీ ఒక్కటి తప్ప, అన్ని వైపులా కిరణాలను ఆపుతుంది. కిటికీ దగ్గర పల్చని అల్యూమినియం రేకు పెడతారు. బలంలేని కిరణాలు చర్మాన్ని కాల్చడానికే గాని బొమ్మకు పనికిరావు, వాటిని ఆ రేకు పట్టేస్తుంది.

ఇవన్నీ ఊరికే రాలేదు. తెర ముందు రోజూ చేయి పెట్టుకున్న తొలితరం పనివాళ్లకు చర్మం కమిలింది, గోళ్లు ఊడాయి, పుళ్లు కాన్సరయ్యాయి, వేళ్లు, తర్వాత చేతులు తీసేశారు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ అలాగే 1904లో చనిపోయాడు. ఎడిసన్ ఎక్స్‌రే పనినే వదిలేశాడు. 1936లో హాంబర్గు ఆస్పత్రి ఆవరణలో ఈ విద్యకు బలైనవారి పేరున ఒక రాతిస్తంభం నిలిపారు. అప్పటికే దాని మీద 169 పేర్లు. తర్వాత ఇంకా చేర్చవలసి వచ్చింది. ఎక్స్‌రే తీసేటప్పుడు టెక్నీషియను గోడ చాటుకు పోతే మనల్ని వదిలేసి పోయాడని నవ్వుకుంటాం. మనకు పడేది ఎప్పుడో ఒకసారి, ఆయనకు రోజూ. ఆ గోడ వెనుక 169 పేర్లున్నాయి.

మన వైపు

మన దేశానికి ఈ విద్య యుద్ధం వెంట వచ్చిన సందర్భం ఒకటుంది. 1897-98లో వాయవ్య సరిహద్దున జరిగిన తీరా దండయాత్రలో సర్జన్ మేజర్ బీవర్ ఎక్స్‌రే పరికరాలను కొండల్లోకి మోయించి, సైనికుల ఒంట్లో గుండ్లు ఎక్కడున్నాయో చూశాడు. రాంట్‌జెన్ కనిపెట్టి అప్పటికి రెండేళ్లే. దక్షిణాన మద్రాసు జనరల్ ఆస్పత్రిలో కెప్టెన్ బర్నార్డ్ కృషితో 1934లో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ వెలిసింది.

క్షయరోగం పాలిట ఎక్స్‌రే పెద్ద వరమైంది. మందులు లేని రోజుల్లో మంచి గాలి, తిండి, విశ్రాంతి ఇవే వైద్యం. దానికోసమే 1915లో ఆరోగ్యవరం శానటోరియం తెరిచారు. మదనపల్లె మా కోలారు జిల్లాకు పొరుగే. తెలుగు, తమిళ, కన్నడ జనం ముగ్గురూ అక్కడ పక్కపక్క మంచాల మీద ఉండేవారు. స్టెతస్కోపుకు అందని మచ్చ ఫిల్ము మీద కనబడేది. తగ్గుతోందా, పెరుగుతోందా అన్నది నెలల తేడాతో తీసిన రెండు ఫిల్ములు పక్కపక్కన పెడితే తెలిసేది. స్ట్రెప్టోమైసిన్ వచ్చాక కథ మారింది. మద్రాసులో 1956లో నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రం, మందులు సరిగ్గా వాడితే ఇంట్లో ఉన్నవాడికీ శానటోరియంలో ఉన్నవాడికీ ఒకేలా నయమవుతుందని 1959లో చూపించింది. అప్పటికి మా తాత ఇంటికొచ్చి దుక్కి దున్నుతున్నాడు.

ఇక అప్పు సంగతి. ఆ కుర్రాడి తప్పు తెలియనితనంవల్ల వచ్చింది కాదు, తొందరవల్ల వచ్చింది. తప్పు దాచలేదు. పగిలిన ట్యూబును నా ముందు పెట్టి తన తప్పేనన్నాడు. ఆ మాటను పూచీగా పరిగణించి కొత్త ట్యూబుకు సిఫారసు రాశాను. పైఆఫీసు రెండుసార్లు వివరణ అడిగి, మంజూరు చేసింది. 2009లో రెండప్పులూ తీరాయి. రోజూ పొద్దున ట్యూబు వెచ్చబెట్టిన వేళ ఒక నోటుపుస్తకంలో రాసేవాడు. తనిఖీకి వెళ్తే ముందు అదే చూపించేవాడు.

కొత్త ట్యూబు బిగించిన రోజున అవ్వ పెట్టెలోని ఫిల్మును తీసుకెళ్లాను. అవ్వ పోయి అప్పటికి ఏడేళ్లు. ఆ కుర్రాడు దాన్ని దీపపు పెట్టె మీద తగిలించి చాలాసేపు చూశాడు.

"ఇదుగో సార్, పైన మచ్చ మానిన గుర్తు. గట్టిపడిపోయింది. మందు పనిచేసింది" అన్నాడు. తర్వాత పక్కకు వేలు జరిపి, "కుడి కాలరు ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది" అన్నాడు.

నాకు ఒళ్లు జలదరించింది. మీ తాత కుడి భుజం కాస్త కిందికి వాలి ఉండేదిరా, వయసులో కపిలి తోలుతూ బావి గట్టు మీంచి పడ్డాడు అని అవ్వ చెబుతుండేది. నేను వినీ విననట్టు ఉండేవాణ్ణి. అవ్వ చెప్పిన ఆ ఒక్క పోలిక, యాభై ఏళ్ల తర్వాత, నా కళ్ల ముందు వెలిగింది. ఆ ఫిల్ములో మొహం లేదనుకున్నాను. అవ్వకు ఆ భుజం చాలు.

కుర్రాడు పక్కటెముకలు పైనుంచి లెక్కపెట్టాడు. "పది కనబడుతున్నాయి సార్. గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టాడు మీ తాత" అన్నాడు.

ఇప్పుడు తాలూకా ఆస్పత్రుల్లో కూడా ఫిల్ము పోయి కంప్యూటరు తెర వచ్చింది. కిరణాన్ని పట్టే పద్ధతి మారింది గాని, కిరణాన్ని పుట్టించే గాజుబుడ్డి, వేడి తీగ, తిరిగే చక్రం అలాగే ఉన్నాయి. పాత ఫిల్ముల్లో వెండి ఉంటుందని కొనుక్కుపోయేవాళ్లు వీధుల్లోకి వస్తుంటారు. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫిల్ములుంటే వాళ్లకు వేసేముందు ఒకసారి వెలుగుకు పెట్టి చూడండి.